చనువుశ్రీ

కాకినాడ మెయిన్ రోడ్డులోని సర్వసంపద బజారులో మనుషుల ఏలుబడి అంతరించి యంత్రాల ఏలుబడి ఆరంభమైన శుభదినాన సన్నాయి మోగింది. బిల్లు కౌంటర్లను పెకలించిన చోట తెల్లని దేహాలతో, నీలి కన్నులతో, నడుము వరకే మలిచి వదిలేసిన దేవతల్లా యంత్రాలు కొలువుదీరాయి. పురోహితుడు వాటికి బొట్లు పెట్టాడు. ఛైర్మన్ చక్రధరరావు గారు గుమ్మడికాయ కొట్టించి, "నేటి నుంచి ఈ పట్టణంలో ఎవరూ దేనికోసమూ వరసలో నిలబడనక్కర్లేదు" అని ప్రకటించారు. వరసలో నిలబడి వింటున్న జనం చప్పట్లు కొట్టారు.

ఆ పై ఏర్పాటు అతి సులభం. కొనేవాడే సరుకును యంత్రం కంటికి చూపించాలి, కొనేవాడే సంచిలో వేసుకోవాలి, కొనేవాడే చెల్లించాలి, తేడా వస్తే కొనేవాడే సంజాయిషీ చెప్పుకోవాలి. ఇంతకాలం జీతం పుచ్చుకుని ఆడవాళ్ళు చేసిన పనిని ఇకపై పట్టణ ప్రజలు జీతం లేకుండా చేస్తారు. దీనికి సంస్థవారు 'స్వేచ్ఛ' అని నామకరణం చేశారు. కౌంటర్ల ఆడవాళ్ళకు కూడా అదే రోజున స్వేచ్ఛ లభించింది. వారిలో వీరవేణి ఒక్కతే అరలు సర్దే పనికి మిగిలింది.

వానాకాలం వెళ్ళేసరికి చక్రధరరావు గారికి ఒక విచిత్రం బోధపడింది. జనం రావడం తగ్గించారు. సబ్బు కోసం వచ్చి సగం కొట్టు చుట్టబెట్టే సుబ్బాయమ్మ గారు వీధి చివరి కిళ్ళీ బడ్డీలో సబ్బు కొనుక్కుంటున్నారు. విచారించగా తేలిందేమంటే, వారెవరూ సబ్బు కోసం వచ్చినవారు కారు. కౌంటరు దగ్గర వీరవేణి సంచి అందిస్తూ, "ఏం కూరండీ ఈ పూట?" అని అడిగేది. "దొండకాయమ్మా" అని చెప్పడానికి వచ్చేవారు.

ఆ ప్రశ్న కూరను గురించినది కాదని ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. నీ ఇంట పొయ్యి వెలిగింది కదా, నువ్వు ఉన్నావు కదా, ఉన్నట్టు నాకు తెలియాలి కదా అని దాని భావం. యంత్రం మాత్రం "సంచి కావాలా?" అని అడిగేది. వద్దంటే ఊరుకునేది.

సామర్లకోట రోడ్డులో, ఒకప్పటి రైసు మిల్లులో, సర్వసంపద వారి పరిశోధనాలయం ఉంది. అక్కరలేనివి మనుషులు ఎందుకు కొంటారన్న పరమ రహస్యాన్ని ఛేదించడానికి డాక్టర్ నిగమానంద్ అనే మెదడు శాస్త్రజ్ఞుడు అక్కడ తపస్సు చేస్తున్నాడు. ఆయన ఒకటి కనిపెట్టాడు. చెవి వెనుక, మెదడు లోతుల్లో, ఉలవగింజంత చోటు ఒకటుంది. తెలిసిన ముఖం కనబడగానే అది వెలుగుతుంది. ఆ మనిషిని ఏమి అడగాలో అది అందిస్తుంది. ఆ చోటుకు సంస్కృతంలో పొడుగాటి పేరు పెట్టబోయి, ఎందుకో మనసు మార్చుకుని, చనువు అని పేరు పెట్టాడు. దాన్ని కొలవడానికి అరచేతిలో ఇమిడే ముల్లు మీటరు, దాన్ని పైకి లాగడానికి ఒక శిరస్త్రాణం తయారుచేశాడు.

మొదటి ప్రయోగం కాపలాదారు కుక్క మీద జరిగింది. శిరస్త్రాణం తీశాక కాపలాదారు వచ్చి బిస్కత్తు పెడితే అది యజమానిని గుర్తుపట్టింది, బిస్కత్తు తిన్నది. తోక మాత్రం కదలలేదు. పక్క గదిలో తీగలకు తగిలించిన రబ్బరు తోక ఒకటి మహోత్సాహంతో ఊగింది.

"సార్, ఇది నకలు తీయడం కాదు, తోడేయడం. అక్కడ ఏమీ మిగల్లేదు" అన్నది సహాయ శాస్త్రజ్ఞురాలు ఇందుమతి.

"కుక్క ఆరోగ్యంగానే ఉంది కదమ్మా" అన్నాడు నిగమానంద్.

చక్రధరరావు గారు వీరవేణిని స్వయంగా తన గదిలోకి పిలిపించుకున్నారు. "కంపెనీ బతికున్నంత కాలం నీ పలకరింపు బతికుంటుందమ్మా. నీ పేరే నిలిచిపోతుంది. కాదంటావా, అరలు సర్దడానికి కూడా యంత్రాలొస్తున్నాయి మరి" అన్నారు. పొగడ్తనూ బెదిరింపునూ ఒకే ఊపిరిలో పలకగల ప్రజ్ఞ వల్లనే ఆయన ఛైర్మన్ అయ్యారు. వీరవేణి భర్త అబ్బులు హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తాడు. సీజను లేనప్పుడు ఇల్లు ఆమె జీతం మీద నడుస్తుంది. ఆమె సంతకం పెట్టింది.

కుర్చీలో కూర్చోబెట్టి, శిరస్త్రాణం తగిలించి, ఖాతాదారుల ఫొటోలు ఒక్కొక్కటే తెర మీద చూపించసాగారు.

"సుబ్బాయమ్మ గారండి. ఏవండీ, మోకాలు తగ్గిందా? ఆ మెట్లెక్కకండి బాబూ, నేను కిందకి తెచ్చిత్తానుగా!" శిరస్త్రాణం తుమ్మెదలా రొద పెట్టింది. "ఈయన పోస్టాఫీసు మూర్తి గారు. అమ్మాయి నీళ్ళోసుకుందన్నారు, ఎన్నో నెలండీ?" మళ్ళీ రొద.

మర్నాడు అవే ఫొటోలు మళ్ళీ చూపించారు.

"సుబ్బాయమ్మ గారు. ఈయన మూర్తి గారు" అన్నది వీరవేణి.

"వాళ్ళని ఏమైనా అడగాలని ఉందా?" అన్నది ఇందుమతి.

వీరవేణి ఆలోచించింది. "ఏం అడుగుతారండీ?"

"శుభ్రంగా వచ్చింది" అని నిగమానంద్ టీ తెప్పించుకున్నాడు.

ఆఖరి రోజున వీరవేణి ఫోను మోగింది. "ఇంటి నుంచండీ. శిరస్త్రాణం తీసేస్తాను" అంటూ లేచింది ఇందుమతి.

"ముట్టుకోకు" అన్నాడు నిగమానంద్. మీటరులో ముల్లు అప్పుడే వణకడం ఆయన చూశాడు. "స్పీకరులో పెట్టు."

"అమ్మా! నాన్న కూర మాడ్చేశాడే!" అని కూతురు లోవలక్ష్మి గొంతు గదినిండా మోగింది.

వీరవేణి నవ్వింది. "ఏం కూరే?"

"బెండకాయే. పొయ్యి మీదెట్టేసి క్రికెట్ చూస్తన్నాడు."

"మీ నాన్న చేతికి గరిటిచ్చినందుకు నిన్ననాలే, లోవా! పెరుగేసుకుని తినెయ్. నాకోసం చూడకు. జడ ఇప్పేసుకోకు, నేనొచ్చి..."

శిరస్త్రాణం అంతకు ముందెన్నడూ లేనంతగా పాడింది. ముల్లు చివరి గీతను కొట్టుకుంది. వీరవేణి నోరు తెరిచే ఉంది. వాక్యం మాత్రం మిగిలిన సగం దగ్గరకు చేరలేదు.

"నువ్వొచ్చి? అమ్మా? ఏంటే?"

"ఏమీ లేదు. ఉంటాను" అన్నది వీరవేణి. కాస్త ఆగి, "ధన్యవాదాలు" అని కూడా అన్నది.

"సార్, ఆ పిల్ల ఖాతాదారు కాదు" అన్నది ఇందుమతి.

"ఖాతాదారులందరి పెట్టు" అన్నాడు నిగమానంద్, ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండా.

ఇంట్లో ఏ లోటూ రాలేదు. వీరవేణి వేళకు వండింది, బట్టలు ఉతికింది, ఇల్లు ఊడ్చింది. లోవ బడిలో పడి మోకాలు చీరుకుని వస్తే శుభ్రంగా కడిగి మందు రాసింది. ఎలా పడ్డావని అడగలేదు. జడ వేయమని లోవ దువ్వెన తెచ్చిస్తే వేసింది. రెండోనాడు లోవ తేలేదు, ఆమె వేయలేదు. ఆ రోజు నుంచి ఆ జడ అబ్బులు చేతికి వచ్చింది.

"ఏంటే, జొరమొచ్చిందా?" అన్నాడు అబ్బులు.

"లేదండి."

అబ్బులు ఉలిక్కిపడ్డాడు. పెళ్ళయినప్పటి నుంచీ తనను 'ఏవయ్యా' అని తప్ప పిలవని మనిషి. "మరి అలా చూత్తావేంటి?"

"ఎలా చూస్తున్నాను?"

"అద్దెకున్నోళ్ళు చూసినట్టు."

బజారులో మాత్రం వైభవం వెల్లువెత్తింది. యంత్రాలన్నిటికీ కలిపి 'చనువుశ్రీ' అని బిరుదు ప్రసాదించారు. సరుకు చూపించగానే యంత్రం కొన్నవారి ముఖం చూసి, వీరవేణి గొంతుతో, "ఏం కూరండీ ఈ పూట?" అనేది. జనం తండోపతండాలుగా తిరిగివచ్చారు. వరసలు మళ్ళీ ఏర్పడ్డాయి. మూర్తి గారు మనవడి ఫొటో తెచ్చి యంత్రం కంటికి చూపించారు. ఇంత చేసినా, ఆ గొంతు ఎవరిదో ఆ మనిషి పక్క వరసలోనే డబ్బాలు సర్దుతోందని, తల తిప్పి చూస్తే సరిపోతుందని ఎవరికీ తట్టలేదు. పలకరింపు అందుతున్నప్పుడు పలకరించే మనిషితో పనేముంది?

కొన్నాళ్ళకు అబ్బులుకు ఇంట్లో మంచం కింద బిస్కత్తు పొట్లాలు దొరికాయి. ఒక్కటీ విప్పినది కాదు. పనిలోంచి తడిసిన చొక్కాతోనే బడి దగ్గర కాపు కాసి, కూతురి వెనకాలే నడిచి, సర్వసంపద లోపలికి వెళ్ళాడు. లోవ బిస్కత్తు పొట్లం తీసి యంత్రానికి చూపించింది.

"వచ్చావటే? ఆ జడేంటి, తాడు పేనినట్టు? మీ నాన్నే కదూ వేశాడు!" అన్నది యంత్రం.

"ఆయ్" అని లోవ పడీపడీ నవ్వింది.

"మళ్ళీ బిస్కత్తేనా? పళ్ళూడిపోతాయే పిచ్చిమొహమా. అన్నం తిన్నావా, పారబోశావా?"

"తిన్నానే. సగం."

లోవ చెల్లించడంతో నీలి కన్ను ఆరింది. యంత్రం తన అసలు గొంతుతో, "కొనుగోలు పూర్తయినది. మరొక వస్తువును చూపించండి" అన్నది. లోవ పరుగెత్తి ఇంకో పొట్లం తెచ్చింది.

అబ్బులు తనకు తెలియకుండానే పక్కనున్న సబ్బు చేతిలోకి తీసుకుని ముందుకు వచ్చాడు. కన్ను వెలిగింది.

"ఏవయ్యా! తడి చొక్కాతో ఏసీలో నిలబడతావేంటి? రేపు దగ్గితే నేను కషాయం కాచాలా?"

సొంత పెళ్ళాం చేత తిట్లు తినడానికి సబ్బు కొనవలసి వచ్చిన మొట్టమొదటి మగవాడిగా అబ్బులు ఆ క్షణాన విజ్ఞాన చరిత్రలోకి ప్రవేశించాడు. సబ్బు అక్కడే పడేసి, కూతురి చెయ్యి పట్టుకుని, తిన్నగా సామర్లకోట రోడ్డుకు ఆటో ఎక్కాడు.

"మా ఇంటిదాన్ని మాకిచ్చెయ్యండి" అన్నాడు నిగమానంద్‌తో.

"మీ ఆవిడ మీ ఇంట్లోనే ఉన్నారుగా."

"ఉందండి. వండుద్ది, ఉతుకుద్ది. అడగదు."

"ఏం అడగదు?"

"ఏం అడగదంటే ఏం చెప్పనండీ!" అబ్బులు గొంతు మిల్లు రేకుల కప్పును తాకింది. "బయట్నించొత్తే మిమ్మల్ని ఇంట్లో ఎవరూ ఏమీ అడగరా?"

నిగమానంద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది సంస్థ ఆస్తి. పైగా, తీసినది తిరిగి పెట్టే మార్గం లేదు. తీసిన చోట మళ్ళీ మొలవదు కూడా. శాస్త్రం అంతే" అన్నాడు.

"అంటే అది ఆ పెట్టెలో ఉన్నంతకాలమే ఉంటదా?"

"అంతే."

లోవ తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

శాస్త్రం గ్రహించని సంగతి మరొకటి బజారులో బయటపడింది. చనువు అంటే తీపి మాటలు మాత్రమే అనుకుని, దాన్ని వేళ్ళతో సహా తవ్వి తెచ్చారు. ఆ వేళ్ళకు ఏమేమి అంటుకుని వస్తాయో చూసుకోలేదు. "ఆ నూనె వద్దండీ మూర్తి గారూ, మూత దగ్గర కారుతోంది. వెనక వీధిలో గానుగ ఉంది, అక్కడికెళ్ళండి" అన్నది యంత్రం. "సుగరున్న మనిషి ఇన్ని స్వీట్లెందుకండీ, పెట్టెయ్యండి అవతల!" అని మరొకరి చేత అర సంచి ఖాళీ చేయించింది. "ఈ చీపురు మూడు రోజుల్లో ఊడిపోద్ది" అని వరసంతటికీ వినబడేలా చెప్పింది.

చక్రధరరావు గారు పరిశోధనాలయం మీద విరుచుకుపడ్డారు. "పలకరింపు ఉంచండి. ఈ నిజాయితీ పైత్యం కోసెయ్యండి!"

"రెండూ ఒకటే గింజ సార్. కోస్తే రెండూ పోతాయి" అన్నది ఇందుమతి.

"అయితే మొత్తం చెరిపేసి ఇంకొకత్తెను తెండి. కాస్త లొంగే చనువున్నదాన్ని."

కానీ వీరవేణికి సన్మానం చేస్తామని అప్పటికే ఆహ్వానపత్రికలు పంచారు. మన దేశంలో మనిషిని దోచుకోవడం ఆపవచ్చు, పిలుపులు వెళ్ళాక సన్మానం ఆపలేము. సన్మానం కాగానే చెరిపివేత అని నిర్ణయమైంది. ఇందుమతి ఆ మాట అబ్బులు ఇంటికి వచ్చి చెప్పి, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చానని కూడా చెప్పి, గుమ్మంలోనే ఏడ్చింది. వీరవేణి ఆమెకు మంచినీళ్ళు ఇచ్చింది. ఎందుకు ఏడుస్తున్నావని అడగలేదు.

సన్మానసభ బజారు నడిమధ్యన, యంత్రాల ఎదుట జరిగింది. గజమాల, శాలువా, గాజుపెట్టెలో జ్ఞాపిక. 'పలకరింపుల పట్టమహిషి' అని ఒకరు, 'ఆత్మీయతా సామ్రాజ్ఞి' అని మరొకరు కీర్తించారు. వీరవేణి దండ బరువుకు కొంచెం వంగి, నిర్వికారంగా నిలబడింది. ముందు వరసలో అబ్బులు, లోవ, ఇందుమతి. వారి వెనుక సుబ్బాయమ్మ గారు, మూర్తి గారు, ఏళ్ళ తరబడి ఆమెకు తమ కూరల పేర్లు చెప్పిన పట్టణమంతా.

చక్రధరరావు గారికి ఒక ముచ్చట తోచింది. వీరవేణి చేతికి ఉప్పు పొట్లం ఇచ్చి, "అమ్మా, నీ వారసురాలికి చూపించు. నిన్నేమని పిలుస్తుందో అందరం వింటాం!" అన్నారు.

నీలి కన్ను వెలిగింది. చాలాసేపు ఏమీ వినబడలేదు.

ఇందుమతికి అప్పుడు అర్థమైంది. తోడి తెచ్చిన చనువులో ఊరంతా ఉంది, ఒక్క ముఖం తప్ప. కౌంటరుకు ఇవతల నిలబడిన వీరవేణిని వీరవేణి ఏనాడూ చూడలేదు.

"కొత్తగా వచ్చారా అమ్మా?" అన్నది యంత్రం. గొంతు మెత్తబడింది. "మొహమేంటి అలా పీక్కుపోయింది? తిన్నారా? ఎంతసేపట్నించి నిలబడ్డారో ఏంటో, కాళ్ళు లాగుతూ ఉంటాయి. ఎవరైనా ఆ స్టూలు ఇటు జరపండి బాబూ."

సర్వసంపద వారు కౌంటరులో పనిచేసే ఆడవాళ్ళకు ఏనాడూ స్టూలు వేసిన పాపాన పోలేదు. సుబ్బాయమ్మ గారు తలవంచుకున్నారు. ఇన్నేళ్ళూ "దొండకాయమ్మా" అని చెప్పి సంచి పుచ్చుకుని వెళ్ళిపోయిన వారిలో, 'మరి నీకేం కూరే?' అని తిరిగి అడిగినవారు ఒక్కరంటే ఒక్కరు లేరు. ఆ సంగతి ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే అందరికీ తెలిసిపోయింది.

వీరవేణి పెదవులు కదిలాయి. "లాగుతున్నాయి" అన్నది.

"మరి ఇంకా ఇక్కడెందుకమ్మా? ఇంటికెళ్ళిపోండి. వీళ్ళ దగ్గర ఏమీ కొనకండి. మీదేదీ వీళ్ళకి అమ్మకండి."

చక్రధరరావు గారు చెయ్యి ఊపారు. నిగమానంద్ వెనుకనున్న మీట నొక్కాడు. బజారులోని నీలి కన్నులన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. "అమ్మా!" అని లోవ అరిచిన అరుపు యంత్రాన్ని ఉద్దేశించినదో మనిషిని ఉద్దేశించినదో ఎవరికీ తెలియలేదు, లోవకు కూడా తెలియదు. సభ జాతీయగీతంతో ముగిసింది.

ఇక తనను అడిగేవారు ఎక్కడా లేరు గనుక, లోవ తానే అడగడం మొదలుపెట్టింది.

"అమ్మా, తిన్నావా?"

"తింటాను."

"కాళ్ళు లాగుతున్నాయా?"

"కొంచెం."

"ఏం కూరే?"

"బీరకాయ." లోవ కళ్ళెదుటే ఉన్న కూరను గురించి అడిగి, తెలిసిన జవాబు విని, మర్నాడు మళ్ళీ అడిగేది. అబ్బులు కూడా చేతకాకపోయినా అడిగాడు. మోకాళ్ళు పట్టుకుంటూ సుబ్బాయమ్మ గారు మెట్లెక్కి వచ్చి, సిగ్గుతో, "ఏం కూరమ్మా నీకు?" అన్నారు. ఇందుమతి వారం వారం వచ్చి మాటామంతీ ఆడిపోయేది. మీటరు మాత్రం తెచ్చేది కాదు. పైరగాలి వేళ వచ్చిన వానకు ఒకనాడు లోవ ముద్దగా తడిసి గుమ్మంలో నిలబడింది.

"తల తుడుచుకోకుండా అలా దిష్టిబొమ్మలా నిలబడతావేంటే!" అన్నది వీరవేణి.

అబ్బులు చేతిలో అన్నం ముద్ద గాలిలో ఆగిపోయింది. లోవ భోరుమన్నది.

"ఓసినీ! తిడితేనే ఏడుపా? ఏవయ్యా, చూస్తావేంటి, తువ్వాలందుకో!"

ఈ వార్త చక్రధరరావు గారికి అందగా, వారు ఆనందబాష్పాలు రాల్చారు. "మళ్ళీ మొలుస్తుందా! అయితే అది గని కాదయ్యా నిగమానంద్, పొలం! ఏటా కోసుకోవచ్చు! నీళ్ళు సరిగ్గా పెడితే రెండో పంట కూడా!" అని, కొత్త శాలువా ఇచ్చి శాస్త్రజ్ఞుణ్ణి పంపించారు.

నిగమానంద్ మధ్యాహ్నం వేళ ఆ గుమ్మం ముందు నిలబడ్డాడు. ఒక చేతిలో శాలువా, ఒక చేతిలో మీటరు. తలుపు తీసిన వీరవేణి ఆయన ముఖంలోకి చూసింది. ముల్లు ఎగిరి చివరి గీతను కొట్టుకుని అక్కడే నిలిచింది.

ఆయనకు అర్థమైంది. ఆమెకు తాను తెలుసు. ఎండిన పెదవులు, కింద గుండీ ఊడిన చొక్కా, ఎండన పడి వచ్చిన మనిషి ఇంకా అన్నం తినలేదన్న సంగతి, ఆ సంగతి పట్టించుకునేవారు ఇంట లేరన్న సంగతి, అన్నీ ఆమె ఒక్క చూపులో చూసింది. అడగవలసిన ప్రశ్నలన్నీ ఆమె నాలుక చివర పండి ఉన్నాయని ఆయన చేతిలోని ముల్లే సాక్ష్యం చెబుతోంది. ఏం చెప్పడానికి వచ్చాడో ఆయనకు గుర్తులేదు. ఆ గుమ్మంలో, నోరు కొద్దిగా తెరిచి, ఎదురుచూశాడు.

వీరవేణి చూసింది. అన్నీ చూసింది. అడగలేదు.

"ఎవరే అమ్మా?" అని లోపలి నుంచి లోవ కేకేసింది.

"ఎవరూ లేరే" అని వీరవేణి తలుపు వేసింది.

నిగమానంద్ చేతిలో ముల్లు చివరి గీత మీదే ఉంది. మూసిన తలుపు అవతల, "అన్నానికి రండి, కూర చల్లారిపోతోంది!" అని ఆమె అరుస్తోంది.